కాంతికి ఎక్కాలు నేర్పితే

ఓరుగల్లు చుట్టుపక్కల ఎవరైనా ఘన్‌పూర్ అంటే ఏ ఘన్‌పూర్ అని మళ్లీ అడగాల్సిందే. కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే లైన్లో ఉన్నది స్టేషన్ ఘన్‌పూర్, ఇప్పుడు జనగామ జిల్లాలోది. కోటగుళ్లున్నది ములుగు ఘన్‌పూర్. కాగితాల మీద అది గణపురం మండలం, జిల్లా జయశంకర్ భూపాలపల్లి. మొదటి ఊళ్లో రైలు పట్టాల వెంట నేలలో రైల్‌టెల్ ఆప్టికల్ ఫైబర్ పరుచుకుని ఉంది. రెండో ఊరి మండలంలో, చెల్పూరు దగ్గర, కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. ఒకచోట వెలుతురు సమాచారాన్ని మోస్తుంది, ఇంకోచోట బొగ్గు కరెంటవుతుంది. కంప్యూటర్ లెక్కలన్నీ కరెంటుతోనే చేయాలా, కొన్నింటిని వెలుతురుకు అప్పగించొచ్చా అని అమెరికా, చైనా, జర్మనీ ప్రయోగశాలల్లో ఇవాళ నడుస్తున్న వాదం ఈ రెండు ఊళ్లకూ పరాయిది కాదు.

ఎందుకో చెల్పూరు అంకెలే చెబుతాయి. అక్కడ మొదటి యూనిట్ 500 మెగావాట్లు, రెండోది 600. రెండూ కలిపి 1,100. గూగుల్ సంస్థ 2025 అక్టోబర్ 14న విశాఖపట్నానికి ప్రకటించిన కృత్రిమ మేధ కేంద్రం సామర్థ్యం ఒక గిగావాట్, అంటే వెయ్యి మెగావాట్లు. పెట్టుబడి ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు. ఆ ఒక్క ప్రాజెక్టు నిండుగా నడిస్తే చెల్పూరు కేంద్రం తీసే కరెంటంతా ఇంచుమించు దానికే సరిపోతుంది. వెయ్యి మెగావాట్లు ఒక రోజంతా ఆగకుండా తీయాలంటే 15 వేల టన్నుల దాకా బొగ్గు కావాలి. కేటీకే బొగ్గు గనుల మనిషికి అర్థమయ్యే లెక్కలో, నాలుగు గూడ్సు బండ్లు. తమ కేంద్రానికి స్వచ్ఛ ఇంధనం సమకూర్చుకుంటామని గూగుల్ చెబుతోంది. మంచిదే. అయితే ఎండ ఉచితం కావచ్చు గానీ ప్యానెళ్లు పరిచే నేల ఉచితం కాదు, రాత్రికి దాచిపెట్టే బ్యాటరీ అసలే కాదు.

హైదరాబాద్ సంగతీ అంతే. 2025 జనవరిలో దావోస్‌లో అమెజాన్ తెలంగాణలో డేటా సెంటర్ల విస్తరణకు 60 వేల కోట్ల రూపాయల పెట్టుబడి ప్రకటించింది. ప్రపంచం మొత్తం మీద డేటా సెంటర్లు 2024లో దాదాపు 415 టెరావాట్ అవర్ల కరెంటు వాడాయని, 2030 నాటికి అది 945కు చేరొచ్చని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. రెండు తెలుగు రాష్ట్రాలూ ఇప్పుడు పోటీ పడుతున్నది ఎవరెక్కువ నేల ఇస్తారు, ఎవరెక్కువ మెగావాట్లు చూపిస్తారు అన్న దాంట్లో. ఒక్కో లెక్కకు ఎంత కరెంటు ఖర్చవుతుంది, దాన్ని తగ్గించే విద్యలో మన వాటా ఎంత అన్న ప్రశ్న ఒప్పందాల వేదికల మీద వినబడడం అరుదు. ఆ ప్రశ్నే ముందు అడగాలి.

ఇంత కరెంటు తాగి ఈ యంత్రాలు చేసే పనేమిటో వింటే నవ్వొస్తుంది. గుణించడం, కూడడం. అంతే. కిరాణా కొట్టు చిట్టీలో ఒక్కో సరుకు ధరను తూకంతో గుణించి అన్నింటినీ కింద కూడినట్టే. కాకపోతే వేల చిట్టీలు, వేల ధరల పట్టికలు, అన్నీ ఒక్కసారే. దీన్నే గణితంలో మాత్రికల గుణకారం అంటారు. ప్రశ్న అడిగితే జవాబిచ్చే యంత్రం ఒక్కో మాట వెనక కోట్లకొద్దీ ఇలాంటి గుణకారాలు చేస్తుంది. ఒక చిట్టీ లెక్క పూర్తయ్యేదాకా ఇంకో చిట్టీ ఆగాల్సిన పని లేదు కాబట్టి ఎంతమంది గుమాస్తాలుంటే అన్నీ ఒకేసారి నడుస్తాయి. సమాంతర గణన అంటే ఇదే. గూగుల్ తన మొదటి టీపీయూ చిప్పులో 256 వరుసలు, 256 నిలువుల్లో 65,536 గుణకార యంత్రాలను పేర్చింది. ఆటలకూ సినిమా బొమ్మలకూ పుట్టిన గ్రాఫిక్స్ చిప్పులు ఈ పనికే వచ్చి ప్రపంచాన్ని ఏలుతున్నాయి. ఏఎండీ, ఇంటెల్ సంస్థల్లో ఆ చిప్పుల రూపకల్పనకు నాయకత్వం వహించిన రాజా కోడూరి మన తెలుగువాడే.

కరెంటు బిల్లు పెంచేది మాత్రం గుణకారం కాదు, రవాణా. స్టాన్‌ఫోర్డ్ ఆచార్యుడు మార్క్ హోరోవిట్జ్ 2014లో ఒక పట్టిక వేసి చూపించాడు. 45 నానోమీటర్ల చిప్పులో 32 బిట్ల గుణకారానికి పట్టే శక్తి దాదాపు 3.7 పికోజౌళ్లు. అదే అంకెను చిప్పు బయటి మెమరీ నుంచి తెచ్చుకోవడానికి దానికి వంద రెట్లకు పైగా పడుతుంది. రాగి తీగలో కరెంటు పరిగెత్తితే తీగ వేడెక్కుతుంది. వేగం పెంచినకొద్దీ, దూరం పెరిగినకొద్దీ నష్టం పెరుగుతుంది. వెలుతురుకు ఈ బాధ చాలా తక్కువ. స్టేషన్ ఘన్‌పూర్ పట్టాల పక్కనున్న గాజు పోగులో కాంతి పదుల కిలోమీటర్లు పోయినా చదవగలిగినంత మిగులుతుంది. ఆ గాజు పోగు చేసే పనిని చిప్పు లోపలికి తెస్తే ఎలా ఉంటుందన్నదే మొత్తం ఆలోచన.

కాంతి గుణించే పద్ధతి ముచ్చటైనది. సిలికాన్ పలక మీద వెంట్రుక కన్నా ఎంతో సన్నని దారి చెక్కుతారు. అందులోకి లేజర్ వదులుతారు. దారిని రెండుగా చీల్చి, ఒక పాయలో కాంతిని కొంచెం ఆలస్యం చేసి, మళ్లీ రెండు పాయల్నీ కలుపుతారు. అలలు ఒకదానికొకటి తోడైతే వెలుగు నిండుగా వస్తుంది, ఎదురుపడితే ఆరిపోతుంది. ఆలస్యాన్ని ఎంత పెడితే అంత మేరకు వెలుగు బయటికొస్తుంది. ఇప్పుడు లోపలికి పంపిన వెలుగు ఒక అంకె, ఆలస్యంతో పెట్టిన వాటా ఇంకో అంకె, బయటికొచ్చిన వెలుగు వాటి లబ్ధం. గుణకారం జరిగిపోయింది. ఒక్క ట్రాన్సిస్టర్ కూడా మారలేదు. మాక్, జెండర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల పేరుతో ఉన్న ఈ అమరికలను వలలా అల్లితే మొత్తం మాత్రిక లెక్క, కాంతి ఒక చివర నుంచి ఇంకో చివరకు చేరేలోపు తేలిపోతుంది. కూడిక ఇంకా తేలిక: పాయలన్నింటి వెలుగూ ఒకే డిటెక్టర్ మీద పడితే అక్కడ పుట్టే కరెంటే మొత్తం.

ఇందులో అసలు సమాంతరం రంగుల దగ్గర ఉంది. ఒకే దారిలో ఎరుపు, ఆకుపచ్చ కాంతులు కలిసి ప్రయాణించినా ఒకదాన్నొకటి పలకరించవు. నిజం చిప్పుల్లో వాడేది కంటికి కనపడని పరారుణ కాంతినే గానీ సూత్రం ఇదే. పది తరంగదైర్ఘ్యాలు పంపితే ఒకే దారిలో పది లెక్కలు. 2021 జనవరిలో నేచర్ పత్రికలో ఒకే సంచికలో రెండు బృందాలు ఈ విద్య చూపించాయి. ఒకటి ఆస్ట్రేలియా నుంచి, ఇంకొకటి జర్మనీ, బ్రిటన్, స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు కలిసి చేసింది.

కొత్త వింతగా అమ్ముతున్నారు గానీ వెలుతురుతో లెక్క పాత విద్యే. మామూలు కటకం తన మీద పడిన బొమ్మను ఫోరియర్ పరివర్తన అనే బరువైన గణిత రూపంలోకి మార్చేస్తుంది, పైసా కరెంటు లేకుండా. 1950లలోనే అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విమానపు రాడార్ సంకేతాలను ఫిల్ముపై ఎక్కించి, కటకాల గుండా వెలుతురు పంపి నేల బొమ్మలు తీశారు. 1978లో నాసా పంపిన సీశాట్ ఉపగ్రహం రాడార్ చిత్రాలనూ మొదట ఇలాగే తయారుచేశారు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహంలో ఉన్నదీ ఆ వంశపు రాడారే. దాని లెక్కలు మాత్రం పూర్తిగా డిజిటల్ కంప్యూటర్లవి.

ఈ మలుపు ఎలా జరిగిందో తెలియాలంటే భాగవతుల విజయకుమార్ పనిని చూడాలి. ఇంటిపేరే ఆయన మనవాడని చెబుతుంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1980లో పీహెచ్‌డీ చేసి, అక్కడే ఆచార్యుడయ్యారు. వెలుతురుతో బొమ్మలను గుర్తుపట్టే యంత్రాలకు జల్లెళ్ల లాంటి ఫిల్టర్లు రూపొందించడం ఆయన విద్య. ఎదుటి దృశ్యం కటకంలోంచి వెళ్తుంది, ఫిల్టర్ మీద పడుతుంది, వెతుకుతున్న వస్తువు అందులో ఉంటే అవతల ఒక ప్రకాశవంతమైన చుక్క కనబడుతుంది. సహ పరిశోధకులు మహలనోబిస్, కేససెంట్‌లతో కలిసి ఆయన 1987లో ప్రచురించిన ఫిల్టర్ ఈ రంగంలో ఇప్పటికీ పాఠం. కాలక్రమంలో ఆ గణితమే ముఖాలను, కనుపాపలను గుర్తించే పనిలోకి వచ్చింది. అయితే కటకాల మీద కాదు, మామూలు కంప్యూటర్ల మీద. చిప్పులు ఏటేటా చవకై చిన్నవై పోతుంటే బల్ల నిండా కటకాలు, లేజర్లు పరుచుకుని కూర్చునేవాళ్లు వాటితో పోటీకి నిలవలేకపోయారు. కాంతి చేసిన గణితం బతికింది, కాంతి యంత్రం అటకెక్కింది.

బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఆలన్ హువాంగ్ బృందం 1990లో కాంతి ప్రాసెసర్‌ను ప్రదర్శించినప్పుడూ ఇక కరెంటు కంప్యూటర్లకు కాలం చెల్లినట్టేనని రాశారు. 2003లో లెన్స్‌లెట్ అనే ఇజ్రాయెల్ కంపెనీ సెకనుకు 8 లక్షల కోట్ల లెక్కలు చేసే కాంతి యంత్రం తెచ్చింది. అదీ నిలబడలేదు. ఈ చరిత్ర తెలిసినవాళ్లు ఇప్పటి ప్రకటనలను కాస్త చల్లార్చుకుని తాగుతారు.

మరి ఇప్పుడు మారిందేమిటి? లెక్కల స్వభావమే మారింది. పాత కంప్యూటర్లకు ఒక్క రూపాయి తేడా రాకూడదు. కాంతి ఆ పనికి రాదు, ఎందుకంటే దాని జవాబు వెలుగు ఎంత అన్న కొలత, కొలతలో కాస్త తేడా తప్పదు. ఇప్పటి కృత్రిమ మేధకు ఆధారమైన నాడీజాల నమూనాలు మాత్రం కొద్దిపాటి తేడాను సహిస్తాయి. 2017లో ఎంఐటీలో యిచెన్ షెన్, నికొలస్ హారిస్ బృందం 56 మాక్–జెండర్ అమరికలతో ఒక చిప్పు చేసి, మనుషులు పలికే అచ్చులను దానికి వినిపించింది. 76.7 శాతం సరిగ్గా గుర్తుపట్టింది. అదే పని మామూలు కంప్యూటర్ 91.7 శాతం చేసింది. ఓడిపోయిన చిప్పే గానీ దాని నుంచి రెండు కంపెనీలు పుట్టాయి: హారిస్ పెట్టిన లైట్‌మ్యాటర్, షెన్ పెట్టిన లైటెలిజెన్స్. 2025 ఏప్రిల్‌లో రెండూ ఒకేసారి నేచర్‌లో తమ యంత్రాలను చూపించాయి. లైటెలిజెన్స్ చిప్పులో 16 వేలకు పైగా కాంతి పరికరాలు, 64 వరుసలు, 64 నిలువుల మాత్రిక. దాని పేరు పేస్. హైదరాబాద్‌లో ఈ పేరు ముప్పై ఏళ్ల పైచిలుకు పాతది. డీఆర్‌డీఓ వారి అనురాగ్ ప్రయోగశాల 1988లో మొదలుపెట్టి, క్షిపణులు, విమానాల చుట్టూ గాలి ఎలా పారుతుందో లెక్కించడానికి కట్టిన సమాంతర కంప్యూటర్ పేరూ పేసే. అప్పుడు మనకు సూపర్ కంప్యూటర్లు అమ్మడానికి అమెరికా గీచి గీచి బేరమాడుతుంటే, చిన్న ప్రాసెసర్లను గుంపుగా కట్టి పని కానిచ్చారు.

లైట్‌మ్యాటర్ అంకెల దగ్గర కాసేపు ఆగాలి, కథంతా అక్కడే ఉంది. ఆ యంత్రం సెకనుకు 65.5 లక్షల కోట్ల లెక్కలు చేస్తూ 78 వాట్ల కరెంటును, 1.6 వాట్ల కాంతిని వాడింది. వాట్‌కు 0.8 లక్షల కోట్ల లెక్కలన్నమాట. ఎన్విడియా హెచ్100 చిప్పు 700 వాట్లతో 16 బిట్ల లెక్కలు 989 లక్షల కోట్ల దాకా చేస్తుంది, అంటే వాట్‌కు 1.4. ఇవి గరిష్ఠ అంకెలు, తూకం పూర్తిగా సమానం కాదు. అయినా వెలుతురు యంత్రం ఇంకా గెలవలేదన్న సంగతి దాచితే దాగదు. మొత్తం శక్తిలో కాంతి తీసుకున్నది రెండు శాతమే. మిగతాదంతా ఎవరు తిన్నారు? కాంతి చుట్టూ కాపలా ఉన్న ఎలక్ట్రానిక్స్. అంకెను వెలుగుగా మార్చాలి, వచ్చిన వెలుగును మళ్లీ అంకెగా చదవాలి, ఆలస్యాలను ఎప్పటికప్పుడు సరిచేస్తుండాలి. కాంతి లెక్క దాదాపు ఉచితం, దాని గుమ్మం దగ్గర కట్టే సుంకం భారీ.

పైగా కాంతికి జ్ఞాపకశక్తి లేదు. ఒక కాంతికణం ఇంకోదాన్ని సులభంగా ఆపలేదు, నడపలేదు. కాబట్టి స్విచ్చులు, మెమరీ అంతా సిలికాన్ వైపే ఉంటాయి. కాంతి కంప్యూటర్ వచ్చి కరెంటు కంప్యూటర్‌ను ఇంటికి పంపుతుందనే మాట 1990లో ఎంత నమ్మదగ్గదో ఇవాళా అంతే.

మార్కెట్‌కు ఇది తెలుసు. 2024 అక్టోబర్‌లో 440 కోట్ల డాలర్ల విలువ పలికిన లైట్‌మ్యాటర్ ఇప్పుడు ముందుపెట్టి అమ్ముతున్నది గుణకార యంత్రాన్ని కాదు, చిప్పుల మధ్య వెలుతురుతో సమాచారం మోసే ప్యాసేజ్ అనే వ్యవస్థను. గూగుల్ తన నాలుగో తరం టీపీయూల్లో 4,096 చిప్పులను కలపడానికి చిన్న చిన్న అద్దాలు తిప్పి కాంతి దారి మళ్లించే స్విచ్చులను వాడింది. మొత్తం వ్యవస్థ ఖర్చులో అవి 5 శాతం లోపు, కరెంటులో 3 శాతం లోపు. ఇక్కడ కూడా గుడ్డిగా నమ్మే పని లేదు. 2024లో ఎన్విడియా 72 చిప్పుల బీరువా తెచ్చినప్పుడు అందులో రాగి తీగలే వాడింది. అంత దగ్గరి దూరానికి కాంతి పరికరాలు పెడితే వాటికే అదనంగా 20 కిలోవాట్లు అయ్యేదని కంపెనీ అధిపతి జెన్‌సెన్ హువాంగ్ చెప్పారు. మరుసటి ఏడాది మార్చిలో అదే ఎన్విడియా కాంతి పరికరాన్ని స్విచ్ చిప్పు పక్కనే అతికించే కొత్త రకాన్ని ప్రకటించింది. గుమ్మం సుంకం తగ్గగానే కాంతి లోపలికొచ్చింది. ముందు మోత, తర్వాత మెల్లగా గుణకారం: వెలుతురు చిప్పులోకి వచ్చే దారి ఇదే అనిపిస్తోంది.

ఇందులో తెలుగువాళ్లకు ఒక వెసులుబాటు ఉంది, దాన్ని ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. అత్యాధునిక కరెంటు చిప్పులు చేయాలంటే మూడు, రెండు నానోమీటర్ల ఫ్యాక్టరీ కావాలి. అది లక్షల కోట్ల రూపాయల మాట, తైవాన్, కొరియాలతో ఆ పరుగులో మనం ఇప్పుడు అందుకునేది లేదు. కాంతి చిప్పుకు ఆ అవసరం లేదు. అందులో వాడే కాంతి అల పొడవే 1.3 నుంచి 1.55 మైక్రాన్లు, దాని దారులు వందల నానోమీటర్ల వెడల్పుంటాయి. రెండు దశాబ్దాల కిందటి తరం యంత్రాలతోనూ మంచి కాంతి చిప్పు చెక్కొచ్చు. అసలు ఖర్చు, అసలు నైపుణ్యం తర్వాత మొదలవుతాయి: చిప్పుకు గాజు పోగును మైక్రాన్‌లో వంతు తేడా లేకుండా అతికించడం, లేజర్‌ను బిగించడం, పరీక్షించడం.

కాంతితో పని చేసే చేతులు ఇక్కడ లేకపోలేదు. హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ క్షిపణుల కోసం లేజర్ గైరోస్కోపులు చేస్తుంది. అదే ఊళ్లోని డీఆర్‌డీఓ వారి చెస్ ప్రయోగశాల 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కూల్చి చూపింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో లేజర్ భౌతికశాస్త్రానికి దశాబ్దాల చరిత్ర ఉంది. తమిళనాడులో ఐఐటీ మద్రాస్ సిలికాన్ ఫోటోనిక్స్ కోసం ప్రత్యేక కేంద్రమే నడుపుతోంది. స్టేషన్ ఘన్‌పూర్‌కు దగ్గర్లోనే, దేశంలో మొట్టమొదటి ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా 1959లో పునాది పడ్డ వరంగల్ ఎన్ఐటీ ఉంది. మిషన్ భగీరథ పైపుల వెంట వేసిన టీ-ఫైబర్ పనుల్లో గాజు పోగులు అతికించడం నేర్చిన కుర్రాళ్లు ఉమ్మడి వరంగల్ మండలాల్లో కనిపిస్తారు. చిప్పుకు పోగు అతికించడం ఇంకా సూక్ష్మమైన పని, ఒప్పుకోవాల్సిందే. కానీ వేరే విద్య కాదు.

అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అంటున్నారు. తప్పేం లేదు. అయితే క్వాంటమ్ యంత్రం రోజువారీ పనికి వచ్చేసరికి ఎన్నేళ్లు పడుతుందో దాన్ని చేసేవాళ్లే ఖాయంగా చెప్పడం లేదు. కాంతితో మోత అనేది ఇప్పటికే ఆర్డర్లు పడుతున్న వ్యాపారం. బ్యానర్ మీద పేరు బరువుగా లేదని దాన్ని వదులుకోవడం తెలివి కాదు.

కాబట్టి అడగాల్సినవి రెండే. రాయితీ భూమి, రాయితీ కరెంటు తీసుకునే ప్రతి డేటా సెంటర్ ఏడాదికి ఎన్ని యూనిట్లు వాడింది, అందులో లెక్కలకు ఎంత, చల్లబరచడానికి ఎంత అన్నది బహిరంగంగా చెప్పాలి. పొలం మోటరుకు ఎంత కరెంటు పోతుందో ఊరూరా లెక్క తీసే ప్రభుత్వాలకు ఇది కొత్త పని కాదు. రెండోది, ఆ రాయితీల్లో చిన్న వాటాను వరంగల్‌లో కాంతి చిప్పుల ప్యాకేజింగ్, పరీక్షా కేంద్రానికి మళ్లించాలి. ఎన్ఐటీ ఆవరణలో పెట్టి, పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలకు తలుపు తీసి, ఐఐటీ మద్రాస్‌తో పని పంచుకోవచ్చు. కొత్త చిప్పు ఫ్యాక్టరీకయ్యే ఖర్చుతో పోలిస్తే దీనికయ్యేది చిల్లర. విశాఖ, హైదరాబాద్ ప్రాజెక్టుల తర్వాతి విడత చర్చలు మొదలయ్యేలోగా రెండు ప్రభుత్వాల ఐటీ శాఖలూ ఈ రెండు షరతులను ఒప్పందాల ముసాయిదాలో రాసుకోవాలి.